సముద్రపు బురదలో పాత భూకంపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

భూకంపం అనగానే కూలిన గోడలు, బీటలు వారిన నేల గుర్తొస్తాయి. కానీ అతి పెద్ద భూకంపాలు ఎక్కువగా పుట్టేది సముద్రం కింద. అక్కడ కూలడానికి గోడలుండవు, చూసి రాసిపెట్టడానికి మనుషులుండరు. ఉండేదల్లా బురద. ఆ బురదను చదివి వేల ఏళ్ల నాటి భూకంపాలను లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. దాని గురించి పదే పదే వినిపించే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

భూకంపానికీ సముద్రం అడుగున ఉన్న పొరకీ సంబంధం ఏమిటి?

నదులు మోసుకొచ్చిన ఒండ్రులో చాలా భాగం ఖండం అంచున, నీటి కింద ఉండే వాలు మీద పేరుకుంటుంది. తడి బురద, అదీ వాలు మీద! నేల గట్టిగా ఊగినప్పుడు రేణువుల మధ్య ఉన్న నీటి ఒత్తిడి పెరుగుతుంది, వాటి పట్టు సడలుతుంది, బురద చరియలుగా విరిగి జారిపోతుంది. జారేకొద్దీ నీటితో కలిసి చిక్కటి బురదనీరవుతుంది. చుట్టూ ఉన్న నీటికన్నా బరువు కాబట్టి పైకి లేవకుండా అడుగునే పాకుతూ, కాన్యన్ల (సముద్రం అడుగున ఉండే లోతైన ఇరుకు లోయల) గుండా వందల కిలోమీటర్లు పోగలదు. శాస్త్రవేత్తలు దీన్ని టర్బిడిటీ కరెంట్ అంటారు. ఇక్కడ బురద వరద అనుకుందాం.

వాలు తగ్గి వేగం పడిపోయాక ఈ వరద తన సరుకు దించేస్తుంది. ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, ఆఖరున బంకమట్టి. అలా పడిన మేట పేరు టర్బిడైట్. ఆ తర్వాత సముద్రం మళ్లీ తన మామూలు పనిలో పడుతుంది. సన్నటి మట్టి, చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు పైనుంచి మెల్లగా రాలి ఆ మేటను కప్పేస్తాయి. కొన్ని వందల ఏళ్లకు ఇంకో భూకంపం వస్తే ఇంకో మేట పడుతుంది.

నీటి అడుగున ఇలాంటి వరదలు ఉంటాయని ఎలా తెలిసింది?

టెలిగ్రాఫ్ తీగలు తెగడం వల్ల. 1929 నవంబరు 18న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణాన, గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. సునామీ కూడా వచ్చింది. ఆ ప్రాంతంలో సముద్రం అడుగున వేసిన అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుళ్లలో 12 తెగిపోయాయి. కొన్ని భూకంపం వచ్చిన వెంటనే తెగాయి, అందులో వింత లేదు. మిగతావి మాత్రం లోతుకు పోయేకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి, వరస తప్పకుండా, గంటల తరబడి తెగుతూ పోయాయి. చివరిది తెగేసరికి భూకంపం వచ్చి 13 గంటలు దాటింది.

ఏ కేబుల్ ఏ నిమిషంలో మూగబోయిందో కంపెనీల దగ్గర లెక్క ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రం ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1952లో బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఆ సమయాలనూ దూరాలనూ పక్కపక్కన పెట్టి, వాలు దిగుతూ పోయిన బురద వరదే కేబుళ్లను తెంపిందని వాదించారు. వాలు ఎక్కువగా ఉన్నచోట దాని వేగం గంటకు 65 కిలోమీటర్లు దాటి ఉంటుందని తర్వాతి లెక్కలు కూడా చెబుతున్నాయి. అంతకు రెండేళ్ల ముందే, 1950లో, క్యూనెన్, మిగ్లియోరిని అనే ఇద్దరు, ప్రయోగశాల తొట్టిలో బురదనీళ్లు పారించి చూసి, కొండల్లో కనిపించే ఒక రకం ఇసుకరాతి పొరలు ఇలాంటి వరదల వల్లే పడ్డాయని చెప్పి ఉన్నారు. ప్రయోగశాల తొట్టి, కొండరాయి, తెగిన కేబుల్ మూడూ ఒకే మాట చెప్పేసరికి ఈ సంగతిని కొట్టిపారేయడం కష్టమైపోయింది.

భూకంపాలను నమోదు చేసే సీస్మోగ్రాఫులు ఉండగా బురద తవ్వడం ఎందుకు?

సీస్మోగ్రాఫుల వయసు నూట పాతికేళ్లకు అటూ ఇటూ. ప్రపంచమంతటా పద్ధతి ప్రకారం వాటిని నెలకొల్పింది 1960లలో. ఒకే చోట 500 ఏళ్లకోసారి వచ్చే భూకంపాన్ని నూరేళ్ల రికార్డులో వెతికితే కనిపించకపోవచ్చు. కనిపించలేదని అది రాదనుకోవడం ప్రమాదం. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో కాస్కేడియా అనే ప్రాంతం విషయంలో జరిగింది అదే. అక్కడ ఒక భూ పలక ఇంకో పలక కిందికి దూరుతోందని తెలుసు. అయినా పెద్ద భూకంపాలు రికార్డులో లేవు కాబట్టి అక్కడ పలకలు మెత్తగా జారిపోతున్నాయేమో అని చాలాకాలం అనుకున్నారు. బురద, తీరపు మట్టి కలిసి ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి.

టర్బిడైట్‌ను చూసి గుర్తుపట్టవచ్చా?

చాలావరకు పట్టవచ్చు. నిలువుగా కోసిన మట్టి కడ్డీలో అడుగు భాగం గీత గీసినట్టు తెగి ఉంటుంది, ఎందుకంటే వరద వస్తూ వస్తూ కింద ఉన్న బురదను కొంత కోసేస్తుంది. ఆ గీత మీద ముతక ఇసుక, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ చివరికి బంకమట్టి. ఒక ఆదర్శ టర్బిడైట్‌లో ఏ అంతస్తు మీద ఏది ఉంటుందో 1962లో ఆర్నాల్డ్ బౌమా అయిదు భాగాలుగా వర్గీకరించాడు. ఇప్పటికీ విద్యార్థులు దాన్నే నేర్చుకుంటారు. అసలు సముద్రంలో అయిదూ ఒకేచోట దొరకడం మాత్రం అరుదు.

కంటికి కనిపించనివాటికి యంత్రాలున్నాయి. సీటీ స్కాన్‌తో సాంద్రత చూస్తారు. అయస్కాంత గుణం ఎక్కడెక్కడ ఎంతుందో కొలిచి గ్రాఫు గీస్తారు. ఇసుకలో బరువైన ఖనిజాలు ఎక్కువ కాబట్టి అక్కడ గీత పైకి లేస్తుంది. ఈ గ్రాఫుల మీదే తర్వాత పెద్ద గొడవ నడిచింది, ఆ సంగతి కింద వస్తుంది.

తుఫాను, నదీ వరద కూడా బురదను కదిలిస్తాయి కదా. భూకంపం పనే అని ఎలా చెబుతారు?

ఈ రంగంలో అసలు ప్రశ్న ఇదే. టర్బిడైట్ దొరికినంత మాత్రాన భూకంపం దొరికినట్టు కాదు. పొర చెప్పేది బురద జారిందని మాత్రమే. ఎవరు తోశారో దాని మీద రాసి ఉండదు.

తైవాన్ నైరుతి తీరం దీనికి మంచి ఉదాహరణ. 2006 డిసెంబరు 26న అక్కడ పింగ్‌టుంగ్ భూకంపం వచ్చినప్పుడు బురద వరదలు పుట్టి ఇంటర్నెట్ కేబుళ్లు తెగాయి. మూడేళ్లు తిరక్కుండానే, 2009లో, మోరకోట్ తుఫాను కుండపోత కురిపిస్తే నది ఉప్పొంగి సముద్రంలోకి తోసిన ఒండ్రు వల్ల అదే గావ్‌పింగ్ కాన్యన్‌లో మళ్లీ వరదలు పుట్టాయి, మళ్లీ కేబుళ్లు తెగాయి. వెయ్యేళ్ల తర్వాత అక్కడ తవ్వేవాళ్లకు రెండు పొరలు దొరుకుతాయి. ఒకటి భూమిది, ఇంకొకటి వానది.

2020 జనవరిలో ఆఫ్రికాలోని కాంగో నది ముఖద్వారం నుంచి బయల్దేరిన బురద వరద 1,100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. దారిలో కేబుళ్లు తెంపింది. భూకంపమే లేదు. కొన్ని వారాల ముందు నదికి భారీ వరద వచ్చింది, తర్వాత పెద్ద పోటుపాట్లు వచ్చాయి. ఆ రెండూ కలిసి చేసిన పని అని పరిశోధకులు తేల్చారు. ప్రపంచంలోకెల్లా పెద్ద సముద్రగర్భ ఒండ్రు విస్తీర్ణం బంగాళాఖాతంలో ఉంది, సుమారు 3,000 కిలోమీటర్ల పొడవు. అదంతా గంగా, బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి తెచ్చిపోసిన సరుకు. అక్కడి టర్బిడైట్లన్నిటినీ భూకంపాల ఖాతాలో వేస్తే నవ్విపోతారు.

అందుకని పరిశోధకులు ముందు చోటు ఎంచుకుంటారు. ఇప్పుడు నదీ ముఖద్వారానికి నేరుగా కలవని కాన్యన్లు, తుఫాను అలలు తాకలేని లోతులు, తీరానికి దూరంగా ఉన్న పల్లాలు చూసుకుంటారు. సముద్ర మట్టం తక్కువగా ఉన్న మంచుయుగంలో నదులు కాన్యన్ల తలల్లోకే నేరుగా ఒండ్రు పోసేవి. కాబట్టి అప్పటి పొరలను ఎక్కువ అనుమానంగా చూడాలి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా చివరికి అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది ఒక్క వాదన మీదే. తుఫాను ఒక చోట కొడుతుంది, ఒక నది ఒక కాన్యన్‌ను నింపుతుంది. వందల కిలోమీటర్ల తీరాన్ని ఒకేసారి ఊపగలిగింది మాత్రం పెద్ద భూకంపం. ఒకదానితో ఒకటి సంబంధం లేని కాన్యన్లలో ఒకే సమయానికి బురద జారిందని చూపిస్తే భూకంపం వైపు వేలు చూపించినట్టే.

"ఒకే సమయానికి" అని ఎలా నిరూపిస్తారు? వేల ఏళ్ల నాటి మాట కదా?

రేడియోకార్బన్ తేదీలతో నిరూపించలేరు. వాటిలో దశాబ్దాల నుంచి వంద, రెండొందల ఏళ్ల దాకా తేడా ఉంటుంది. దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది. కేవలం లెక్కపెట్టడమే. ఈ మొత్తం రంగంలో నాకు బాగా నచ్చేది ఇదే.

రెండు వాగులు కలిసే సంగమం ఊహించుకోండి, కాకపోతే సముద్రం అడుగున. ఎగువన ఒక్కో కాలువలో 13 చొప్పున మేటలు ఉన్నాయనుకుందాం. అవి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కారణాల వల్ల వచ్చి ఉంటే సంగమానికి దిగువన 26 మేటలు కనబడాలి. రెండు కాలువల్లోనూ ప్రతిసారీ వరద ఒకేసారి బయల్దేరి ఉంటే, సంగమం దగ్గర రెండూ కలిసిపోయి ఒకే మేటగా పడతాయి. దిగువన 13 మాత్రమే ఉంటాయి.

కాస్కేడియా దగ్గర సరిగ్గా ఇదే పరీక్ష జరిగింది. అక్కడ మరో అదృష్టం కూడా ఉంది. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా అనే అగ్నిపర్వతం బద్దలై బూడిద వెదజల్లింది. అది పేలిపోయిన చోటే ఇప్పుడు ఆరిగన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ ఉంది. ఆ బూడిద నదుల్లో కొట్టుకొచ్చి సముద్రపు కాలువల్లో చేరింది. దాంతో అన్ని చోట్లా లెక్క మొదలుపెట్టడానికి ఒకే గుర్తు దొరికింది. 1990లో కెనడా భూగర్భ సర్వేకు చెందిన జాన్ ఆడమ్స్ ఆ బూడిద కనిపించిన పొర నుంచి పైకి లెక్కపెట్టి చూశాడు. ఎగువ కాలువల్లో 13. సంగమానికి దిగువనా 13. 7,700ను 13తో భాగిస్తే సగటున 590 ఏళ్లకొకటి. ఇంత పెద్ద సంగతికి వాడిన గణితం ప్రాథమిక పాఠశాల స్థాయిది.

అక్కడ చివరి భూకంపం 1700 జనవరి 26న వచ్చిందంటారు. ఆ తేదీ బురదలోనే దొరికిందా?

దొరకలేదు. చాలామంది అలా అనుకుంటారు కానీ బురద అంత కచ్చితంగా చెప్పలేదు.

ఆ తేదీ జపాన్ నుంచి వచ్చింది. 1700 జనవరి చివర్లో జపాన్ తూర్పు తీరంలో పలు చోట్ల సముద్రం ఊళ్లలోకి వచ్చిందని అప్పటి కాగితాల్లో రాసి ఉంది. నేల మాత్రం కదల్లేదు. తల్లి లేని సునామీ అన్నమాట. 1996లో జపాన్ శాస్త్రవేత్త కెంజి సటాకే బృందం ఆ కాగితాల్లో ఉన్న సమయాలను బట్టి, అలలు పసిఫిక్ దాటడానికి పట్టే గంటలను వెనక్కి లెక్కకట్టింది. కాస్కేడియాలో భూకంపం జనవరి 26 రాత్రి సుమారు 9 గంటలకు వచ్చిందని, తీవ్రత 9 దాకా ఉండి ఉంటుందని చెప్పింది. మరుసటి ఏడాది చెట్ల వలయాల సాక్ష్యం వచ్చింది. వాషింగ్టన్ తీరంలో నేల కుంగి ఉప్పునీళ్లలో మునిగి చచ్చిన దేవదారు చెట్ల చివరి వలయం 1699 నాటిది. అంటే అవి ఆ తర్వాతి వసంతం చూడలేదు. సముద్రం అడుగున అన్నిటికంటే పైన ఉన్న టర్బిడైట్ వయసు కూడా ఆ కాలానికే సరిపోతుంది. అది సరిపోబట్టే కింద ఉన్న మిగతా పొరల మీద నమ్మకం కుదిరింది.

పొరల వయసు ఎలా లెక్కిస్తారు?

టర్బిడైట్‌లో ఉన్న ఇసుకకు, గుల్లలకు వయసు కడితే తప్పుదోవ పడతాం. అది పైనుంచి కొట్టుకొచ్చిన పాత సరుకు. కాబట్టి దాని కిందే, వరద రాకముందు ప్రశాంతంగా పడిన బురదలోంచి ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను ఏరతారు. ఇసుక రేణువంత గుల్లలు, మైక్రోస్కోపు కింద సన్న కుంచెతో ఒక్కొక్కటే. వందల గుల్లలు పోగయ్యాక రేడియోకార్బన్ పరీక్షకు పంపుతారు. కార్బన్-14 అర్ధాయువు, అంటే సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. దాదాపు 50,000 ఏళ్ల వరకు ఈ పద్ధతి పనిచేస్తుంది.

చిక్కు ఏమిటంటే సముద్రపు నీటిలో కార్బన్ అప్పటికే పాతబడి ఉంటుంది. నేడు బతికున్న గుల్లకు పరీక్ష చేసినా సగటున 400 ఏళ్ల వయసు చూపిస్తుంది. ఈ తేడా చోటును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, దాన్ని తీసేయాలి. పైగా వరద అడుగున కొంత బురదను కోసుకుపోయి ఉంటే మనకు దొరికిన గుల్లలు అసలు కంటే పాతవవుతాయి. రెండు టర్బిడైట్ల మధ్య పడిన ప్రశాంత బురద మందాన్ని కొలిచి, అది పేరుకునే వేగంతో భాగించి విరామం లెక్కకట్టే పద్ధతీ ఉంది. రెండూ చేసి సరిపోల్చుకుంటారు.

గత నూట యాభై ఏళ్ల లోపు పొరలకు సీసం-210, సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థాలను వాడతారు. అణు పరీక్షల ధూళి 1963 ప్రాంతంలో పరాకాష్ఠకు చేరింది, ఆ గుర్తు బురదలో కనిపిస్తుంది.

అంత లోతు నుంచి మట్టిని చెదరకుండా ఎలా తీస్తారు?

పొడవాటి ఉక్కు గొట్టం, దాని తల మీద టన్నుల బరువు. ఓడ నుంచి తీగతో దింపుతారు. అడుగుకు కాస్త పైన ఉండగానే పట్టు వదులుతుంది, గొట్టం సర్రున బురదలో దిగిపోతుంది. లోపల ఒక పిస్టన్ ఉంటుంది, అది సిరంజిలా పనిచేసి మట్టి నలగకుండా చూస్తుంది. 1940లలో స్వీడన్‌కు చెందిన బోర్యె కులెన్‌బర్గ్ తయారుచేసిన ఈ ఏర్పాటు వల్లే మీటర్ల కొద్దీ పొడవైన మట్టి కడ్డీలు తీయడం సాధ్యమైంది. వీటిని కోర్లు అంటారు.

2021లో ఒక అంతర్జాతీయ బృందం కైమే అనే ఓడ మీద జపాన్ ట్రెంచ్ అనే లోతైన సముద్రపు అగడ్తలో, 7 నుంచి 8 కిలోమీటర్ల నీటి కింద, 40 మీటర్ల గొట్టంతో కోర్లు తీసింది. అంత లోతుకు గొట్టం దిగడానికే గంటలు పడుతుంది. గొట్టం పైకొచ్చేదాకా ఓడ మీద టెన్షనే, ఖాళీగా రావచ్చు కూడా.

పైన ఉండే మొదటి కొన్ని సెంటీమీటర్లు మాత్రం ఈ బరువైన గొట్టం దెబ్బకు చెదిరిపోతాయి. ఇటీవలి భూకంపం పొర ఉండేది అక్కడే కదా! అందుకే దానికి వేరే చిన్న పరికరాలు, మెల్లగా దిగేవి, వాడతారు.

పొర ఎంత మందంగా ఉంటే భూకంపం అంత పెద్దదా?

అలా చెప్పలేం. మందం వాలు మీద ఎంత బురద సిద్ధంగా ఉందన్న దాన్ని బట్టి, కాన్యన్ ఆకారాన్ని బట్టి, గొట్టం దిగిన చోటును బట్టి మారిపోతుంది. కాలువ మధ్యలో అర మీటరు ఉన్న మేట గట్టు మీద వేలెడు కూడా ఉండకపోవచ్చు. తీవ్రత గురించి ఏమైనా చెప్పాలంటే ఆ పొర తీరం వెంబడి ఎంత దూరం కనిపించిందో చూడటం నయం. వెయ్యి కిలోమీటర్ల మేర కనిపిస్తే చీలిక కూడా అంత పొడవుందని అంచనా.

అందులోనూ ఒక లొసుగుంది. 1854 డిసెంబరులో జపాన్ నాంకై తీరంలో రెండు మహా భూకంపాలు సుమారు 32 గంటల తేడాతో, పక్కపక్క భాగాల్లో వచ్చాయి. బురదలో చూస్తే ఆ రెండూ ఒకటే తేదీ. వెయ్యి కిలోమీటర్లు ఒక్క దెబ్బకు చీలిందా, రెండు మూడు ముక్కలుగా కొన్నేళ్లలో చీలిందా అన్నది బురద తేల్చడం చాలా కష్టం.

ప్రతి పెద్ద భూకంపం పొర వదులుతుందా?

లేదు. 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపం తీవ్రత 9.1. అంత దానికి అడుగంతా కలగాపులగం అయిపోయి ఉండాలి అనుకుంటాం. ఆ తీరం దగ్గర ఒక బృందం తీసిన కోర్లలో చాలావాటిలో ఈ మధ్యకాలపు టర్బిడైటే కనిపించలేదు. అక్కడ ఈ పద్ధతి పనికొస్తుందా అని వాళ్లు 2013లో సూటిగా ప్రశ్నించారు. వేరే చోట్ల కోర్లు తీసిన ఇంకో బృందం మాత్రం 2004 పొర తమకు దొరికిందని, దాని కింద 6,600 ఏళ్ల చరిత్ర ఉందని అంటోంది. ఏ పల్లంలో గొట్టం దిగిందన్నది అంత ముఖ్యం.

కొన్ని వాలుల మీద జారడానికి సరిపడా బురదే ఉండదు. ఇంకో చిత్రమైన కారణం కూడా ఉంది. మాటిమాటికీ చిన్న కుదుపులు తిన్న బురద, జారకపోతే, మెల్లగా నీరు వదిలి గట్టిపడుతుంది. డబ్బాలో పోసిన పిండిని తట్టితే కుదురుకున్నట్టు. భూకంపాలు ఎక్కువగా వచ్చే చోట వాలు బలహీనంగా ఉంటుందనుకుంటాం, కొన్నిచోట్ల జరిగేది దానికి తలకిందులు.

మన కాలంలో వచ్చిన భూకంపంతో ఈ పద్ధతిని సరిచూశారా?

చూశారు, మూడు చోట్ల బాగా.

2010 జనవరి 12 హైతీ భూకంపం తర్వాత రెండు నెలలు కావస్తుండగా పరిశోధక ఓడ వెళ్లింది. అప్పటికీ సముద్రం అడుగు నుంచి కొన్ని వందల మీటర్ల ఎత్తు వరకు నీరు మసకగానే ఉంది. కొత్త పొరలో బెరీలియం-7 దొరికింది. దాని అర్ధాయువు 53 రోజులే. అంటే ఆ మట్టి కొద్ది నెలల క్రితం దాకా నేల మీదో, తీరానికి దగ్గర్లోనో ఉంది. పొర వయసు గురించి ఇంతకన్నా తాజా రుజువు దొరకదు.

2011 మార్చి 11 జపాన్ భూకంపం తర్వాత నాలుగు నెలలకే, 7 కిలోమీటర్లకు పైగా లోతున్న ట్రెంచ్ బురదలో సీజియం-134 కనిపించింది. అర్ధాయువు రెండేళ్లున్న ఈ పదార్థం ఫుకుషిమా అణు కేంద్రం నుంచి వచ్చింది. దుర్ఘటన పొర మీద తేదీ ముద్ర వేసిపోయింది.

అన్నిటికంటే పనికొచ్చింది న్యూజిలాండ్‌లో. 2016 నవంబరు 14న కైకోరా భూకంపం, తీవ్రత 7.8. ఆ సమయానికి పరిశోధక ఓడ ఆ దగ్గర్లోనే ఉండటంతో కొద్ది రోజుల్లోనే కోర్లు తీశారు. అప్పుడే పడిన మెత్తటి మేట దొరికింది. బురద వరద హికురంగి కాలువ వెంట 680 కిలోమీటర్లకు పైగా పోయింది. ఏ కాన్యన్‌లో నేల ఎంత ఊగిందో లెక్క ఉంది, ఏ కాన్యన్‌లో వరద పుట్టిందో కోర్లు చెప్పాయి. రెండూ కలిపి చూస్తే, సుమారు 200 కిలోమీటర్ల తీరంలో వరసగా పది కాన్యన్లలో వరదలు పుట్టాయని, ఊపు ఒక స్థాయి దాటిన చోటే పుట్టాయని 2021లో తేలింది. మిగతా చోట్ల అన్నీ ఊహ మీద నడిచే వాదనకు ఇక్కడ కొలత దొరికింది.

హోమోజెనైట్ అంటే?

మూసుకున్నట్టుండే లోతైన పల్లంలో బురద తప్పించుకునే దారి లేక, నీటిలో కలిసి ఊగీ ఊగీ చివరికి మందంగా, పొరలేమీ లేకుండా ఒకే తీరుగా పడే మేట. మధ్యధరా సముద్రంలో అయోనియన్ అనే భాగం అడుగున ఉన్నది కొన్ని చోట్ల 20 మీటర్లు దాటుతుంది. గ్రీసులోని శాంటోరిని అగ్నిపర్వతం పేలినప్పటి సునామీ వల్ల అది పడిందని 1980లలో అనుకున్నారు. 2013లో ఇటలీ పరిశోధకులు వయసును మళ్లీ లెక్కించి, క్రీ.శ. 365 జులై 21 నాటి క్రీట్ భూకంపానిది అన్నారు. రెండు వేల ఏళ్ల దాకా తేడా ఉన్న జవాబులు ఒకే పొర మీద! పొరను గుర్తించడం ఒక పని, దానికి కారణం చెప్పడం పూర్తిగా వేరే పని.

సునామీ మేట, టర్బిడైట్ ఒకటేనా?

కాదు. సునామీ మేటలు ఎక్కువగా తీరం మీద, బాడవ నేలల్లో, సముద్రపు ఇసుక పలుచటి దుప్పటిలా పరుచుకుని దొరుకుతాయి. ఒకే భూకంపం రెండూ వదలవచ్చు. రెండూ ఒకే కాలానివి దొరికితే పండగే.

శాస్త్రవేత్తలంతా ఈ పద్ధతిని ఒప్పుకున్నారా?

లేదు, గట్టి తగాదా ఉంది. కాస్కేడియాలో క్రిస్ గోల్డ్‌ఫింగర్ బృందం 2012లో పెద్ద నివేదిక ఇచ్చింది. గత 10,000 ఏళ్లలో తీరం మొత్తం కదిలించిన మహా భూకంపాలు 19, దక్షిణాన మాత్రమే వచ్చిన చిన్నవి కూడా కలిపితే 41 అని. ఆ లెక్క చాలావరకు పైన చెప్పిన గ్రాఫుల పోలిక మీద నిలబడింది. ఒక కోర్‌లో గీత ఎగుడుదిగుళ్లు వందల కిలోమీటర్ల దూరంలోని ఇంకో కోర్‌లో గీతతో సరిపోలితే రెండూ ఒకే భూకంపానివి అని.

2014లో బ్రయన్ ఆట్‌వాటర్, మరికొందరు దీన్ని ప్రశ్నించారు. ఆట్‌వాటర్ ఎవరో కాదు, 1980లలో తీరపు మట్టిలో నేల కుంగిన గుర్తులు చూపించి కాస్కేడియాలో మహా భూకంపాలు వచ్చాయని లోకాన్ని ఒప్పించినవాడు. అంటే భూకంపాలు వచ్చాయా లేదా అన్నది కాదు ఇక్కడ తగవు. బురద లెక్క ఎంత వివరంగా చెప్పగలదన్నది. కాలువ వెంట దూరం పెరిగేకొద్దీ మేటల సంఖ్య ఎందుకు మారుతోంది, ఒండ్రు సరఫరా తేడా అందులో ఎంత, అన్నవి వాళ్ల అభ్యంతరాలు.

నా ఉద్దేశం చెప్పాలంటే, సంగమం పరీక్ష కన్నా గ్రాఫుల పోలిక బలహీనమైన సాక్ష్యం. రెండు వంకర గీతలను కొంచెం సాగదీసి, కొంచెం నొక్కి పక్కపక్కన పెడితే కన్ను ఇట్టే పోలిక వెతుక్కుంటుంది. ఎన్ని చోట్ల అలా అనుకోకుండా సరిపోతాయో గణాంకాలతో ముందే తేల్చుకోకుండా నమ్మకూడదు. అలాగని 19 పెద్ద భూకంపాల లెక్క కూలిపోయిందనీ అనను. తీరపు మట్టిలో విడిగా దొరికిన చరిత్ర దానికి చాలావరకు దగ్గరగానే ఉంది. దక్షిణాన చిన్నవాటి లెక్క మీద అంత ధీమా లేదు.

సరస్సుల్లో కూడా ఇది పనిచేస్తుందా?

ఇంకా బాగా పనిచేస్తుంది ఒక్కోసారి. సరస్సు అడుగున ఏటా ఒక పలుచటి పొర పడే చోట్ల చెట్టు వలయాల్లా ఏళ్లు లెక్కపెట్టవచ్చు. డెడ్ సీ పేరుకు సముద్రమే కానీ నిజానికి ఉప్పు సరస్సు. దాని అడుగున తవ్వి తీసిన కోర్‌లో 2,20,000 ఏళ్ల భూకంపాల చరిత్రను 2020లో ప్రకటించారు. అక్కడ చూసేది జారిపడిన మేటలనే కాదు. కుదుపుకు ఉన్నచోటే అలల్లా మడతపడిన పొరలను కూడా చదువుతారు.

తర్వాతి భూకంపం ఎప్పుడో దీన్ని బట్టి చెప్పగలరా?

తేదీ చెప్పలేరు. సగటు 500 ఏళ్లు, చివరిది 1700లో కాబట్టి ఇంకా ఒకటిన్నర శతాబ్దానికి పైగా టైముంది అనుకుంటే పొరపాటే. కాస్కేడియాలో విరామాలు సమానంగా లేవు. కొన్ని రెండు మూడొందల ఏళ్లే, కొన్ని వెయ్యేళ్లకు దగ్గర. సగటు అనేది ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉన్న అంకె, అంతే. శాస్త్రవేత్తలు ఇచ్చేది సంభావ్యత. రాబోయే 50 ఏళ్లలో అక్కడ 9 తీవ్రత భూకంపానికి 10 నుంచి 14 శాతం అవకాశం ఉందన్నది తరచూ వినిపించే అంచనా. వంతెన ఎంత బలంగా కట్టాలి, ఆసుపత్రి ఎక్కడ కట్టకూడదు అని నిర్ణయించేవాళ్లకు ఆ అంకె చాలు.

కోర్లను పరీక్షించాక పారేస్తారా?

అస్సలు పారేయరు. నిలువుగా రెండుగా చీలుస్తారు. ఒక సగం మీద పరీక్షలు, రెండో సగం ముట్టుకోకుండా భద్రం. ఎండిపోకుండా సుమారు 4 డిగ్రీల చల్లటి గదుల్లో పెడతారు. 1990లో జాన్ ఆడమ్స్ లెక్కపెట్టిన 13 పొరలు కొత్తగా తీసిన కోర్లలోవి కావు. 1960లలో ఆరిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు సముద్రపు కాలువల్లో ఒండ్రు ఎలా కదులుతుందో తెలుసుకోవడానికి తీసినవి. పొరలు అన్నిచోట్లా 13 ఉన్నాయని అప్పట్లోనే కనిపించింది కూడా. వాటిని భూకంపాలుగా చదవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.